తిరిగొచ్చిన మెయిళ్ళ అక్క

అక్క పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఈమెయిల్లో రాలేదు. ఆమె ఉండి ఉంటే దీన్ని కొంచెం అవమానంగానే తీసుకునేది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా భీవండిలోని మా తెలుగు వాడ పద్మనగర్‌లో ఎవరికీ పెద్దగా ఉపయోగపడదు. అక్కడ ఆమెను పేరుతో గుర్తించేవి రెండే: చర్చి రిజిస్టరు, రేషన్ కార్డు. మిగతా అందరికీ అక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. మెయిల్ పోని మనిషికి తన వయసు గుర్తుండదు.

సమాధుల తోటకు వెళ్తే అక్కడ బంధువులకంటే సాంచెల సేట్లే ఎక్కువ కనపడ్డారు. సాంచెలంటే మరమగ్గాలు. భీవండిలో గాలి తర్వాత ఎక్కువగా ఉండేవి అవే. సేట్లందరూ తెల్ల చొక్కాలు వేసుకుని, చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడ్డారు. పాస్టరుగారి ప్రార్థన ముగిశాక నా పక్కనున్నాయన ముక్కు తుడుచుకుని మెల్లగా అడిగాడు: "ఇగ మన మెయిల్ ఆగితే ఎవర్ని పిలవాలె?"

ఆయనది నిజమైన దుఃఖం. దుఃఖానికి ఒక్కోసారి సాంకేతిక కారణాలు కూడా ఉంటాయి.

అక్క ఇంటి ముందు ఒక జిరాక్సు మిషను, దాని పక్కన చిన్న టేబులు, వెనక గోడమీద తెలుగులో, హిందీలో, మరాఠీలో ఒకే మాట: "మెయిల్ పోకపోతే అడగండి." ఎవరైనా వచ్చి పాన్ కార్డు గురించి అడిగితే వేలితో బోర్డు చూపించి మళ్ళీ చదవమనేది. పంపిన మెయిలు అవతలివాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ మెడపట్టి గెంటించుకుని, ఇంగ్లీషులో రాసిన కారణపత్రంతో తిరిగొచ్చినప్పుడు, మా వాడలో జనం ఆ కారణపత్రం పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తేవాళ్ళు.

ఈ విద్య ఆమె కాలేజీలో నేర్చుకున్నది కాదు. కాశేలి దగ్గర ఒక గోదాములో పనిచేసేది. కంప్యూటరు కాశేలిలో, కంప్యూటరు తెలిసినాయన పుణెలో. ఏది ఆగినా ఆయన ఫోన్లో చెప్పడం, ఈమె చేయడం. ఎనిమిదేళ్ళలో ఆయన ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకు ఏ నెలలో దగ్గు ఎక్కువవుతుందో మాత్రం చెప్పగలిగేది. సర్వర్లూ, డొమైన్లూ, మెయిళ్ళు నడిచే దారులూ అన్నీ ఆమెకు చెవిలోంచే ఎక్కాయి. గోదాము వేరే ఊరికి మారినప్పుడు ఉద్యోగం అక్కడికి వెళ్ళిపోయింది. విద్య పద్మనగర్‌లో దిగింది.

చెవితో నేర్చుకున్న విద్య కాబట్టి ఆమె దాన్ని చెవితోనే నడిపేది. ఎవరి ఆఫీసుకు వచ్చినా ముందు కుర్చీ తిప్పి, కంప్యూటరుకు వీపుపెట్టి కూర్చునేది. మౌసు ముట్టేది కాదు. స్క్రీను చూసేది కాదు. ఎవరి మెయిలు ఆగిందో వాళ్ళే చదవాలి, వాళ్ళే నొక్కాలి.

"అక్కా, జర ఇటు మర్లి చూడరాదు. కండ్లముందే ఉన్నది."

"నేను చూస్తే నువ్వు చూడవు. చదువు."

తిరుగు మెయిలును లేచి నిలబడి, గొంతెత్తి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదవాలి. మధ్యలో ఒక అంకె మింగితే మళ్ళీ మొదటికి. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆమే. చదివించే పద్ధతి అక్కడినుంచి వచ్చిందని నా అనుమానం. తిరుగు మెయిళ్ళలో ఐదు, ఏడు, ఇరవై ఆరు అంటూ చుక్కలు పెట్టిన అంకెలుంటాయి. వాటిని అక్క అధ్యాయమూ వచనమూ చెప్పినట్టే చెప్పేది. "ఐదు ఒకటి ఒకటి అయితే గా పేరు మనిషే లేడు. ఐదు రెండు రెండు అయితే డబ్బా నిండింది. ఐదు ఏడు అని మొదలైతే నీ మీద నమ్మకం లేదు." ఈ మూడో మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించేది. ఎదుటివాడి ఇంటి గుట్టు కదా.

ఇంకో సంగతి. వస్తూ వస్తూ ఒక సంచీలో చిక్కుడుకాయలు తెచ్చుకునేది. మేము చదువుతుంటే ఆమె ఈనెలు తీసేది. ఫోన్లోనే జబ్బు అడిగి దానికి తగ్గ తూకం కట్టించుకుని వచ్చేది. పాస్‌వర్డు మరిచిపోయామంటే పావుకిలో. డబ్బా నిండిందంటే అరకిలో. డొమైన్ సెట్టింగుల్లో ఏదో తేడా ఉందంటే కిలో. ఒకసారి ఒక సేటు ఆఫీసులోకి రెండు సంచీలతో వచ్చిందట. ఆయన చూసి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత తెలిసింది, రెండో దాంట్లో కొత్తిమీర ఉందని.

నాగావ్‌లో ఒకాయన ఖర్చు దండగని సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాడు, సాంచెల షెడ్డులోనే, నూలు పెట్టెల పక్కన. దాన్నుంచి వెళ్ళిన మెయిలు ఏదీ ఎక్కడికీ చేరలేదు. అక్కతో ఆయన జరిపిన వాదన నేను స్వయంగా విన్నాను.

"చూడు తమ్మీ. నీ పేరు చెప్తే నీ ఇల్లు దొరకాలె. నీ ఇంటికొచ్చి గిది ఎవరిదంటే నీ పేరు చెప్పాలె. మెయిల్‌కు రెండు దిక్కులా జవాబు కావాలె. నీకు మొదటిది ఉన్నది, రెండోది లేదు."

"అరె అక్కా, నాగావ్‌ల నా ఇంటి ముంగట నిలబడి చిన్న పోరన్ని అడిగినా నా పేరు చెప్తడు!"

"చెప్తడు. కానీ సింగపూర్‌ల ఉన్న సర్వర్ నాగావ్ పోరన్ని ఎట్ల అడగాలె?"

ఆయన చాలాసేపు ఆలోచించి, మరునాడు ఆ సర్వర్ మీద క్యాలెండర్లు పెట్టుకున్నాడు. ఇప్పటికీ దానికి అదే ఉద్యోగం.

సొంత చర్చికైనా అక్క మినహాయింపు ఇవ్వలేదు. పాస్టరుగారు పండుగ కూటాలకు పిలుస్తూ నాలుగు వందల మందికి ఒకే మెయిలు పంపారు. అన్నీ స్పామ్‌లో పడ్డాయి. అక్క వీపు తిప్పి కూర్చుని, పైన ఏం రాశారో చదవమంది. ఆయన చదివారు: పూర్తిగా ఉచితం, ఈ రోజే, ఆలస్యం చేయవద్దు.

"అయ్యగారూ, మాట మంచిదే. నేను కాదన. కానీ గీ మూడు మాటలు ఒక్కతాన పెట్టి నాలుగు వందల మందికి పంపేటోళ్ళు లోకంల ఇంకా చానమంది ఉన్నరు."

"మరేం రాయాలమ్మా?"

"ఆదివారం పది గంటలకు చర్చి ఉన్నదని రాయుండ్రి. వచ్చినంక మిగిలింది మీరే చెప్పుండ్రి."

ఇక నా సంగతి. బీకాం చదివినందుకు నన్ను పద్మనగర్‌లో ఒక సాంచెల షెడ్డులో మేనేజరు అనేవాళ్ళు. మెయిళ్ళు పంపడం, పన్ను కాగితాలు నింపడం, పైకప్పు రేకుల్లోంచి దూరే పావురాలను వెళ్ళగొట్టడం నా పనులు. మూడింటిలో పావురాలే కొంచెం మాట వినేవి. కింద ఇరవై నాలుగు సాంచెలు, వాటి మీద పైన చెక్క నేల వేసిన ఆఫీసు. సాంచెలు నడుస్తుంటే టేబులు మీద పెన్ను దానంతటదే నడిచి అంచుదాకా పోయేది.

ఆ శనివారం పెన్ను పెట్టిన చోటే ఉంది. నూలు చుట్టిన బీములు ఒక్కొక్కటే ఖాళీ అయి సాంచెలన్నీ ఆగిపోయాయి. కొత్త ఆర్డరు ఒకటి దాదాపు వచ్చినట్టే: ఆసుపత్రులకు దుప్పట్లు సరఫరా చేసే కంపెనీవాళ్ళు మూడు నెలల గుడ్డ అడిగారు. మేము ఒప్పుకున్నామని శనివారం సాయంత్రం ఐదులోపు మెయిలు పెట్టాలి. లేకపోతే సోమవారం వేరే ఊరికి ఇచ్చేస్తారు. అదీ మా కంపెనీ పేరున్న మెయిలు నుంచే రావాలి. ఎవరో వాళ్ళను దొంగ చిరునామాతో మోసం చేసినప్పటి నుంచి ఆ నియమం పెట్టుకున్నారట.

పొద్దున పంపాను. తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది, ఈసారి ఇంకొంచెం త్వరగా. నా సొంత మెయిలు నుంచి పంపితే అక్కడినుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, ఇది చెల్లదని చెప్పింది.

అప్పటికి లచ్చన్న మూడుసార్లు మెట్లెక్కి వచ్చాడు. లచ్చన్న మా షెడ్డులో అందరికంటే పాత కార్మికుడు. కింద పనిచేసే పదకొండు మంది తరఫున మాట్లాడేది ఆయనే. అందరివీ తెలంగాణలో భూమిలేని ఇళ్ళు. ఆర్డరు రాకపోతే సాంచెలు బంద్ చేస్తామనీ, ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళవచ్చనీ సేటు ముందే చెప్పాడు. ఊళ్ళో వాళ్ళకోసం పని పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు.

"ఏమాయె మేనేజర్ సాబ్? బీమెక్కియ్యాల్నా, టికెట్ తియ్యాల్నా?"

"ఇంకో గంట ఆగు లచ్చన్నా."

"గంటకింద గూడ గంటనే అన్నవు."

అక్కకు ఫోన్ చేశాను. ఏ వచనమని అడిగింది. ఐదు ఏడు ఇరవై ఆరు అన్నాను.

"సరే. కిలో తెస్త."

నాలుగవుతుండగా వచ్చింది. మెట్లెక్కుతూనే, "ఏంది, మీ షెడ్డుల నా మాట నాకే వినపడుతున్నది?" అంది. కుర్చీ తిప్పుకుంది. సంచీ విప్పింది. నేను నిలబడి తిరుగు మెయిలు మొత్తం చదివాను. సారాంశం ఏమిటంటే, ఈ మెయిలు పంపినవాళ్ళు ఫలానా కంపెనీ అని చెప్పుకుంటున్నారు కానీ అందుకు రుజువు లేదు.

"ఏం మార్చినవ్?"

"ఏం మార్చలేదక్కా."

ఒక కాయ ఈనె తీసింది. రెండో కాయ తీసింది. మూడోది తీస్తూ అంది: "నా దగ్గరికొచ్చేటోళ్ళు రెండు తీర్లుంటరు తమ్మీ. మార్చిన అనేటోళ్ళు, ఏం మార్చలే అనేటోళ్ళు. ఏం మార్చలే అన్నోళ్ళే ఎక్కువ మారుస్తరు. చెప్పు."

చెప్పాను. మెయిల్ నడిపే పాత కంపెనీ తాము దుకాణం కట్టేస్తున్నామని రాసింది. పది రోజుల క్రితం కొత్త కంపెనీకి మారాం. కొత్తవాళ్ళు మా డొమైన్ పట్టీలో ఒక లైను పెట్టమన్నారు. పెట్టాను. అంతే.

"పట్టీ తెరువు. లైన్లు చదువు."

డొమైన్ పట్టీ అంటే మా పేరు గురించి లోకంలోని సర్వర్లన్నీ వచ్చి చదువుకునే నోటీసు బోర్డు. మా మెయిలు ఎవరు తేవచ్చో అందులో ఒక లైను చెబుతుంది. చదివాను. అలాంటి లైన్లు రెండు ఉన్నాయి. పైన పాత కంపెనీది, కింద కొత్త కంపెనీది.

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "పాతది ఎందుకు తియ్యలే?"

దీనికి జవాబు మా వాడ గోడల మీదే ఉంటుంది. పద్మనగర్‌లో షెడ్డు చేతులు మారితే పాత బోర్డు తీయరు. కొత్త బోర్డు దాని కింద మేకులు కొట్టి తగిలిస్తారు. పసుపు పెట్టిన బోర్డు దింపితే ఉన్న కలిసొచ్చే గుణం దాంతోపాటు దిగిపోతుందని నమ్మకం. టెంపోవాళ్ళకూ పాత పేరే తెలుసు. మా షెడ్డుకు మూడు బోర్డులున్నాయి. అన్నిటికంటే పైనున్న పేరు ఎవరిదో ఇప్పుడు బతికున్నవాళ్ళకు తెలియదు. నేనూ ఆ వాడలోనే పెరిగాను. కొత్త లైను పాత లైను కింద మేకు కొట్టాను. డిగ్రీ ఉన్నంత మాత్రాన అలవాటు పోదు.

అదీగాక పాతది ఉండనివ్వమని సేటు చెప్పాడు. సేటుకు నలభై ఏళ్ళుంటాయి. ఆయన అప్పటిదాకా గోడకు ఆనుకుని గడియారం చూస్తున్నాడు.

"నేనే వద్దన్న అక్కా. గది నాయిన పెట్టిన లైను."

"తెలుసు. మీ నాయినతోని పెట్టిచ్చింది నేనే గదా. నువ్వప్పుడు సూరత్ పోయి ఉంటివి."

ఈయన తండ్రి, మా పెద్దసేటుకు ఇంగ్లీషు రాదు. అయినా కంపెనీ పేరుతో మెయిలు రావాలని పట్టుబట్టి, ఒక శుక్రవారం కంప్యూటరుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అక్క వెనక నుంచి చెబుతుంటే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ లైను తనే కొట్టాడట. సాయంత్రమైందట. చివర ఎంటర్ నొక్కి, "ఇగ మన మాట లోకమంత వింటది" అన్నాడట. ఆయన పోయి మూడేళ్ళు.

"అయితే ఏంది అక్కా? రెండు లైన్లు ఉంటే ఎవరికి నష్టం? ఎక్కువ చెప్తే ఇంకా మంచిదే గదా."

"కాశేలి గోదాము గేటు దగ్గర వాచ్‌మన్ ఉండె," అంది అక్క. "మన సరుకు ఏ టెంపోలు తెస్తయో రాసి వానికి లిస్టు ఇస్తుంటిమి. ఒకనాడు ఎవరో పాత లిస్టు తియ్యకుంట కొత్తది అంటించిన్రు. రెండు లిస్టులు. వాడేం చేసిండు? పాతది చూసిండా? కొత్తది చూసిండా? గేటు బంద్ జేసి చాయ్ తాగపోయిండు. బయట పదహారు టెంపోలు. గిప్పుడు నీ మెయిల్ గా లైన్ల నిలబడ్డది."

"ఒకటి తియ్యాల్నంటవు."

"లిస్టు ఒకటే ఉండాలె. పేర్లు ఎన్నన్న ఉండనీ."

సేటు ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. "అంటే నాయినదీ కొత్తదీ కలిపి ఒక్క లైను చేస్తే?"

"చేస్తే చెల్లుతది." ఆమె కొంచెం ఆగి, "పాతోళ్ళు ఇంకా పలికితే," అంది.

ఆ రెండో ముక్క మేమెవరమూ వినదలచుకోలేదు. రెండు లైన్లూ కలిపి ఒకటి చేశాను. సేవ్ నొక్కాను. అక్క తను పెట్టిన ప్రతి పట్టీలోనూ ఐదు నిమిషాల గడువు పెట్టించేది. అంటే లోకంలోని సర్వర్లు ఐదు నిమిషాలకోసారి వచ్చి పట్టీని కొత్తగా చదువుకోవాలి. చాలామంది గంట పెడతారు. తనకంత ఓపిక లేదనేది. ఐదు నిమిషాలు ఆగాం. చిక్కుడు ఈనెలు తెగే చప్పుడు ఒక్కటే. సాంచెల షెడ్డులో ఆ చప్పుడు వినపడటం మంచి లక్షణం కాదు.

పంపాను. నిమిషం లోపల తిరిగొచ్చింది. చదవబోతే అక్క చెయ్యెత్తింది.

"అదే వచనమా?"

"అదే."

"పాత కంపెనీ లేదు ఇగ. మొత్తం బంద్ పడ్డది. మన లిస్టుల ఏమున్నది? ఫలానా ట్రాన్స్‌పోర్టోళ్ళ బండ్లు గూడ మనవే, వాళ్ళనడుగు అని ఉన్నది. వాచ్‌మన్ వాళ్ళకు ఫోన్ కొట్టిండు. ఎత్తేటోడు లేడు. మొత్తం లిస్టే దొంగది అనుకున్నడు. కొత్తోళ్ళ పేరు పక్కన ఉన్నా నమ్మడు." ఆమె గొంతు తగ్గింది. "గా కంపెనీ గిట్ల మూతపడ్తదని పెట్టిననాడు నాకు తెల్వదు సేటూ."

గడియారం నాలుగున్నర దాటింది. లచ్చన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. పై నుంచి రెండో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. అడిగినప్పటికంటే ఇది కష్టంగా ఉంది.

సేటు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. స్క్రీను మీద తండ్రి కొట్టిన అక్షరాలు చూశాడు. మామూలు అక్షరాలే, ఇంగ్లీషు, చుక్కలు, ఒక వంకర గీత.

"మూడేండ్ల నుంచి నాయినవి ఒక్కొక్కటే తీస్తనే ఉన్న అక్కా," అన్నాడు. "బ్యాంకుల పేరు తీసిన. కరెంటు బిల్లుల తీసిన. బండి కాగితాల తీసిన. గిదొక్కటి ఎవ్వరు తియ్యమనలే. ఉండనీ అనుకున్న."

అక్కను వెనక నుంచే చూస్తున్నాను. ఆమె ఒడిలోని కాయలను ఒక పక్కకు జరిపింది.

"సేటూ. మీ నాయిన గా లైను ఎందుకు పెట్టిండు?"

"మెయిల్ పోవాలని."

"ఇప్పుడు మెయిల్ పోతున్నదా?"

సేటు గడియారం వైపు చూశాడు.

"గా దినం నన్ను సాయంత్రందాంక కూసోబెట్టిండు ఆయన. ఒక్క చుక్క తప్పు పడితే మళ్ళ మొదటికెళ్ళి. నేను అడిగిన, ఇంత కష్టమెందుకు మామా, మీ కొడుకు వచ్చి కొడ్తడు గదా అని. ఏమన్నడో తెలుసా? కింద సాంచెలు ఆగొద్దు బిడ్డా అన్నడు. లైను గురించి ఏమనలే. సాంచెల గురించే అన్నడు."

లచ్చన్న అటు తిరిగి రేకులవైపు చూస్తూ నిలబడ్డాడు. పావురాలు ఏమీ లేవక్కడ.

నేను మౌసు మీద చెయ్యి వేయబోయాను. అక్కకు వీపులో కళ్ళున్నాయో, నా కుర్చీ కిర్రుమందో తెలియదు. "నువ్వు కాదు," అంది.

సేటు మౌసు అందుకున్నాడు. పాత కంపెనీ పేరును మాత్రం ఎంచి, తుడిచేశాడు. మిగిలిన లైనును అక్క చెప్పినట్టు పైకి చదివాడు, అక్షరం అక్షరం. ఒక అంకె మింగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివించింది. అందులో ఆమె మొహమాటపడలేదు. ఎంటర్ నొక్కేటప్పుడు మాత్రం సేటు ఒక క్షణం కళ్ళు మూసుకున్నాడు. పెద్దసేటు కూడా అప్పుడు కళ్ళు మూసుకునే నొక్కాడని అక్క నాకు తర్వాత చెప్పింది. సేటుకు చెప్పలేదట.

మళ్ళీ ఐదు నిమిషాలు. నాలుగూ యాభై రెండుకు పంపాను.

నాకు తెలిసిన పనులన్నిటిలోనూ అయిపోయిందంటే ఏదో ఒక గుర్తు ఉంటుంది. గుడ్డ దిగుతుంది, రసీదు వస్తుంది, కనీసం ఎవరో ఒకరు తిడతారు. మెయిల్‌కు అదేం లేదు. పోయిన మెయిలు చప్పుడు చేయదు. పోనిదే వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడి అరుస్తుంది. మేము ఏదీ రాకూడదని కళ్ళార్పకుండా ఎదురుచూశాం. అంత శ్రద్ధగా ఎదురుచూసిన తర్వాత ఏమీ రాకపోవడం కొంచెం నిరాశగా కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో ఇన్‌బాక్సులో ఏదో పడింది. నా గుండె కూడా దాంతోపాటు పడింది. చూస్తే సగం ధరకు చెప్పులమ్ముతామని ఎవరిదో ప్రకటన. వాళ్ళ మెయిళ్ళకు ఏ వాచ్‌మనూ అడ్డు చెప్పడు.

నాలుగూ యాభై ఏడుకు అక్క చివరి చిక్కుడుకాయ తుంచి సంచీలో వేసింది. చీర దులుపుకుంటూ లేచింది.

"రావాల్సింది ఉంటే ఎప్పుడో వచ్చేది. పోయింది."

"గట్ల ఎట్ల చెప్తవక్కా? వాళ్ళకోసారి ఫోన్ చేద్దామా?" అన్నాను.

"చేసుకో. ముట్టింది అంటరు. నాకు చెప్పకు, ఇంట్ల పొయ్యి మీద అన్నమున్నది."

చేశాను. ముట్టిందన్నారు. నేను ఫోన్ పెట్టకముందే లచ్చన్న రెండు మెట్లు పైకెక్కి సేటు ముఖంలోకి చూశాడు.

"ఏమొచ్చింది సేటూ?"

సేటు ఏదో చెప్పబోయాడు. స్క్రీను వైపు చెయ్యి చూపించి తల అడ్డంగా ఊపాడు. "ఏం రాలే లచ్చన్నా," అన్నాడు చివరికి. "ఏం రాలే."

లచ్చన్న ముఖం పాలిపోయింది. "అయితే టికెట్..."

"టికెట్ ఏంది!" అంది అక్క, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఏం రాలేదంటే పోయినట్టు. బీమెక్కియ్యి."

లచ్చన్న ఆమె వైపు చూశాడు, సేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మా ముగ్గురిలో ఒక్కరు కూడా నవ్వడం లేదు కాబట్టి నమ్మాడనుకుంటాను. వెనక్కి తిరిగి రెయిలింగు మీదుగా కిందికి ఒంగి, ఆగిపోయిన సాంచెల మధ్య బీడీలు కూడా ముట్టించకుండా కూర్చున్న పదకొండు మందికి వినపడేట్టు అరిచాడు:

"ఏం రాలేదంట! బీములెక్కియ్యుండ్రి!"

కింద నుంచి ఒక్కసారిగా కేక లేచింది. ఏమీ రానందుకు అంత సంతోషమెందుకని వాళ్ళలో ఒక్కరు కూడా అడగలేదు. అప్పటికే ఇద్దరు మొదటి బీమును చెరో కొనా పట్టుకుని ఎత్తుతున్నారు.